ఈల నేర్చిన అద్దాలక్క

ఆ ఉదయం పుక్కిలించిన నీళ్ళు నోట్లో నిలవలేదు. ఎడమవైపు పెదవి కొస నుంచి వాటంతట అవే కారి గడ్డం మీదికి వచ్చాయి. అద్దాలక్క గడ్డం తుడుచుకుని మళ్ళీ పుక్కిలించింది. మళ్ళీ కారాయి. నిద్రమత్తు ఇంకా వదల్లేదు కాబోలు అనుకుంటూ వంటగదిలోకి నడిచింది. కిటికీ దగ్గర కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న భర్త తలెత్తి చూసి నవ్వాడు.

"పొద్దున్నే ఎవర్ని వెక్కిరిస్తున్నావు?"

"పాలు పొంగుతున్నాయి, పొయ్యి ఆపండి," అందామె. కానీ ఆ పాలు 'ఫాలు' అయ్యాయి, పొయ్యి 'ఫొయ్యి' అయింది. అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ ముఖానికి ఏ ఫ్రేము నప్పుతుందో చూడటం, చెవి వెనక కాడ ఒరుసుకుంటుంటే వేడిచేసి వంచడం, ముక్కు మీద జారకుండా సరిచేయడం ఆమె పని. అందుకే షాపులోనూ, వీధిలోనూ అందరికీ ఆమె అద్దాలక్క. రోజంతా ఇతరుల ముఖాలు చూసే మనిషికి, ఆ ఉదయం ఆసుపత్రిలో మొదటిసారి తన ముఖం ఒక సమస్యగా ఎదురుపడింది.

డాక్టరు కనుబొమలు ఎత్తమన్నాడు. ఒకటే లేచింది. కళ్ళు మూయమన్నాడు. ఒకటే మూసుకుంది. పళ్ళు చూపించమంటే కుడివైపు మాత్రమే కనిపించాయి.

"పక్షవాతం కాదు, భయపడకండి. ముఖం కండరాల్ని కదిలించే నరం వాచింది. మందులు రాస్తాను. చాలామందికి తగ్గిపోతుంది."

"ఎన్నాళ్ళకి డాక్టరు గారూ?"

"కొందరికి వారాల్లో. కొందరికి నెలలు పడుతుంది."

"పూర్తిగా తగ్గుతుందా?"

ఆయన మందులచీటీ రాస్తున్న కలం ఆపాడు. "అది మాత్రం చెప్పలేను," అన్నాడు.

ఆ ఒక్క మాట ఆమెతోపాటు ఇంటికి వచ్చేసింది. మూసుకోని కంటికి రాత్రిపూట పట్టీ అంటించుకోవాలి. అన్నం కుడివైపే నమలాలి. నీళ్ళు తాగేటప్పుడు పెదవి కొసను వేలితో పట్టుకోవాలి. ఇవన్నీ ఆమె భరించగలిగింది. భరించలేకపోయింది అద్దాన్ని. స్నానాలగదిలో అద్దం మీద ఒక తువ్వాలు వేలాడదీసింది. భర్త గడ్డం గీసుకోవాలంటే దాన్ని తీసి, మళ్ళీ కప్పేవాడు.

అత్తగారికి ఏం మాట్లాడాలో తెలియక, అలవాటైన మాటే దొరికింది. "పెళ్ళయినప్పటి నుంచీ నేనేదన్నా అంటే మూతి తిప్పుతావని గొడవ పెట్టుకున్నాను. ఏదీ, ఇప్పుడొక్కసారి తిప్పు, నేనేమీ అనుకోను," అంది. అలా అని, గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

షాపు ఓనరు మంచివాడు. అదే ఇబ్బంది. "ఏసీ గాలి తగలకూడదేమోనమ్మా. కొన్నాళ్ళు వెనక గదిలో కూర్చో," అన్నాడు. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను ఉంటుంది. ముందుగదిలో నాలుగు గోడలకూ అద్దాలే. ఏసీ రెండు గదుల్లోనూ ఉందని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆమె వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

ముఖానికి కసరత్తు నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి ఆసుపత్రి మెట్ల పక్కనున్న చిన్న గదిలో ఉండేది. గదిలో రెండు కుర్చీలు, ఒక అద్దం. అద్దాలక్క కుర్చీని అద్దానికి వీపు వచ్చేలా జరుపుకుని కూర్చుంది. ఆ అమ్మాయి అది చూసి, తన కుర్చీని ఆమెకు ఎదురుగా జరుపుకుంది.

"ఏం కావాలక్కా మీకు?"

అదేం ప్రశ్న? "ముందులా అవ్వాలి. ఇంకేం కావాలి?"

"అది నరం ఇష్టం. దాన్ని మీరూ నేనూ తొందరపెట్టలేం. రోజూ లేవగానే 'ముందులా అయ్యానా' అని చూసుకుంటే, కాలేదనే కనిపిస్తుంది. మీరు పూనుకుని చేయగలిగింది ఒకటి చెప్పండి. చిన్నదే అయినా సరే. అయిందో లేదో ఇంకొకర్ని అడక్కుండా మీకే తెలిసిపోవాలి."

"అట్లాంటిది నాకేం తోస్తుంది?"

"తోచినప్పుడు చెప్పండి. ఈలోగా కసరత్తు చేద్దాం. బుగ్గలు పూరించండి... ఆ. ఇప్పుడు ఈల వేస్తున్నట్టు మూతి పెట్టండి."

అద్దాలక్క ఆలోచనలో పడింది. "ఎట్లా పెడతారు?"

"ఈల వేసేటప్పుడు పెడతాం కదక్కా, అలాగే."

"నేనెప్పుడూ వేయలేదు."

"చిన్నప్పుడు కూడానా?"

"ఒకసారి మూతి సున్నాలా చుట్టాను. మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. అంతే."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. అద్దాలక్క నవ్వలేదు. ఆమెకు నిజంగానే ఒక అనుమానం వచ్చింది. ఇంతకాలం బతికింది, వీధిలో ఎంతోమంది ఈలలు విన్నది, ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి పుడుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. పెదవుల్లోనా? నాలుక మీదా? పళ్ళ సందులోనా? గాలి బయటికి పోతుంటే పుడుతుందా, లోపలికి పీలిస్తేనా?

"సరే, అదే రాసుకో," అంది. "నేను ఈల వేయాలి."

ఇంటికి రాగానే భర్తను పట్టుకుంది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. స్నానం చేస్తూ, షర్టు గుండీలు పెట్టుకుంటూ, మెట్లెక్కుతూ ఎప్పుడూ ఏదో ఒక పాట ఈలలో లాగుతుంటాడు. ఇంట్లోనే గురువు ఉండగా వేరే చోట వెతకడమెందుకు?

"ఎట్లా వేస్తారో చెప్పండి."

"ఏముందీ, మూతి చుట్టి ఊదడమే."

"నాలుక ఎక్కడుంటుంది?"

"నాలుకా?" అతను ఊది చూసుకున్నాడు. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే. "ఉండవే, నువ్వట్లా నోట్లోకి చూస్తుంటే రావడంలేదు."

"నేను అటు తిరుగుతాను."

తిరిగింది. అతను కిందామీదా పడ్డాడు. చివరకు ఆమె గదిలోంచి వెళ్ళిపోయి, అతను ఆ సంగతి మరిచిపోయి చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు హాయిగా ఈల వినిపించింది. ఆమె పరుగున వచ్చింది. "ఆ! అట్లాగే ఉండండి! కదలకండి!" అతను ఒక చెప్పు చేతిలో పట్టుకుని, మూతి సున్నాలా చుట్టి బొమ్మలా నిలబడ్డాడు. ఆమె ముఖం దగ్గరగా పెట్టి చూసింది. కింది పెదవి పైదానికంటే కాస్త ముందుకుంది. నాలుక కొన కింది పళ్ళకు ఆనుకుని ఉంది.

తన పెదవి అట్లా వస్తుందా? చూసుకోవాలంటే ఒక్కటే దారి. ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి తువ్వాలు లాగి పక్కన పడేసింది. కుడివైపు పెదవి చక్కగా ముడుచుకుంది. ఎడమవైపుది కదలకుండా వేలాడుతోంది. అయితే గాలి మొత్తం ఆ వదులు మూల నుంచే తప్పించుకుపోతోందన్నమాట! దాన్ని వేలితో మూస్తే? మూసింది. ఊదింది. ఉస్సుమంది. వేలు కాస్త పైకి? ఇంకో రకం ఉస్సు. అన్నం చల్లారిపోతోందని అత్తగారు కేకేసేదాకా ఆమె అద్దం ముందే ఉంది. బయటికి వచ్చాకగానీ తాను ఎక్కడ నిలబడిందో ఆమెకు స్ఫురించలేదు. తువ్వాలును ఉతికే బట్టల్లో వేసింది.

అత్తగారికి ఈ విద్య నచ్చలేదు. "ఇది ఇల్లా, బస్టాండా? మొగుడొకడు చాలలేదా?"

"నోటికి కసరత్తు అత్తయ్యా. ఆసుపత్రిలో చేయమన్నారు."

"ఆసుపత్రిలో ఈలలు నేర్పుతారా? ఇంక ఫీజు తీసుకుని గెంతులు కూడా నేర్పుతారు."

అంటూనే ఆవిడ కోడలి మూతి కేసి చూస్తూ ఉండేది. కూరగాయలు తరుగుతూ చూసేది. బట్టలు మడతపెడుతూ చూసేది. ఒక మధ్యాహ్నం అద్దాలక్క షాపు నుంచి కాస్త ముందుగా వచ్చేసరికి, వెనక వరండాలోంచి ఉఫ్ ఉఫ్ మని చప్పుడు వస్తోంది. తొంగిచూస్తే అత్తగారు గోడవైపు తిరిగి, మూతి బిగించి, కళ్ళు పెద్దవి చేసి ఊదుతోంది.

"అత్తయ్యా!"

ఆవిడ ఉలిక్కిపడింది. ఊపిరి గట్టిగా వచ్చింది. ఊపిరితోపాటు కట్టుడుపళ్ళు కూడా వచ్చాయి. అవి ఎగిరి, ఆరేసిన దుప్పటికి తగిలి, తడిబట్టల బక్కెట్లో పడ్డాయి.

అద్దాలక్క గోడ పట్టుకుని కూలబడింది. నరం వాచిన నాటి నుంచి నవ్వు వస్తే ముఖం వంకర కనబడకుండా చేత్తో మూసుకునేది. ఆ వేళ చేతులు పొట్ట పట్టుకోవడానికే చాలలేదు. అత్తగారు బక్కెట్లో చేయిపెట్టి దేవులాడుతూ, "నవ్వు, బాగా నవ్వు! నీకోసమే కదా... ఎట్లా వస్తుందో చూసి నీకు చెబుదామని..." అని బోసినోటితో తిట్టబోయి తానూ నవ్వింది. అంతలో ఆవిడ చేయి ఆగిపోయింది.

"ఏదీ, మళ్ళీ నవ్వు."

"ఎందుకత్తయ్యా?"

"అడక్కుండా నవ్వవే! ఆ చెంప మీద ఏదో కదిలింది. చూశాను నేను."

నవ్వమంటే నవ్వు ఎక్కడొస్తుంది? ఆవిడ బక్కెట్లో దొరికిన పళ్ళను కడక్కుండానే పెట్టుకుని, మూతి చుట్టి, ఉఫ్ మంది. అద్దాలక్కకు నవ్వు పొంగుకొచ్చింది. ఎడమచెంప మీద, నీళ్ళలో చేప మసిలినట్టు, ఒక చిన్న కదలిక. అత్తగారు బొటనవేలితో ఆ చోటును తాకి చూసింది.

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసే ఊదేవారు. పళ్ళు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి. పెదవులు తడి చేసుకుంటే మేలా, పొడిగా ఉంటే మేలా? గడ్డం పైకెత్తితే? చివరికి ముందుగా ఈల వచ్చింది అత్తగారికే. పళ్ళు తీసేసినప్పుడు, సన్నగా, ఎక్కడో తలుపు కీచుమన్నట్టు. ఆవిడ గర్వానికి పట్టపగ్గాల్లేవు. అద్దాలక్కకు అసూయ వేసింది. అసూయ వేసినందుకు ఆశ్చర్యమూ వేసింది. కొద్దివారాల క్రితం ఏ కోరికా లేక గోడకేసి చూస్తూ పడుకున్న మనిషి, ఇప్పుడు ఈల కోసం డెబ్భై దాటిన ముసలావిడతో పోటీపడుతోంది!

ఆ పట్టుదలతోనే ఆమె ఓనరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, నేను ముందుగదిలోకి వస్తాను."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "వచ్చినవాళ్ళు ఏమైనా అంటే నీకే బాధ కదమ్మా."

"అంటే చెబుతాను సార్, నరం వాచిందని. చెబితే అయిపోతుంది. లోపల కూర్చుంటే నేను ముఖాలు చూడటం మరిచిపోతున్నాను."

ఆయన కాసేపు టేబులు మీది గుడ్డను మడతపెట్టాడు. "సరే, వచ్చెయ్యి," అన్నాడు.

మొదటిరోజే ఒక పెద్దమనిషి కొత్త కళ్ళజోడు వంకరగా ఉందని తగువుకొచ్చాడు. ఆమె దాన్ని టేబులు మీద పెట్టి చూపించింది. నాలుగువైపులా సమంగా ఆనింది. "ఫ్రేము తిన్నగానే ఉందండీ. మీ చెవులే ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి. అందరికీ అంతే. ఒక కాడ కొంచెం వంచుతాను." ఆయన అద్దంలో తన చెవులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తరువాత ఆమె ముఖం చూశాడు. "మీకేమైంది?" అన్నాడు, మొహమాటపడుతూ. ఆమె చెప్పింది. "మా బావమరిదికీ ఇట్లాగే వచ్చింది," అన్నాడాయన, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఇప్పుడు బాగానే ఉన్నాడు. కాకపోతే భోంచేస్తుంటే ఒక కన్ను నీళ్ళు కారుతుంది." ఆ సంగతి ఆమెకు కొత్త. ఏ కన్ను, ఏ కూర తిన్నా కారుతుందా అని ఆమె అడిగిన ప్రశ్నలకు ఆయన జవాబులు చెబుతూ, కళ్ళజోడు తయారయ్యాక కూడా చాలాసేపు వెళ్ళలేదు.

ఈల వచ్చింది ఆ గదిలోనే. ఒక ఫ్రేము మడత దగ్గర దుమ్ము చేరితే, దాన్ని కళ్ళకెదురుగా పట్టుకుని ఊదింది. ఈల కోసం ఊదలేదు, దుమ్ము పోవాలని ఊదింది. పెదవుల కుడిమూల నుంచి ఒక చప్పుడు వచ్చింది. సన్నగా, గుండ్రంగా. ఆమె ఫ్రేము దించి చుట్టూ చూసింది. ఓనరు ఫోన్లో మాట్లాడుతున్నాడు. వీధిలో ఎవరూ ఆగలేదు. మళ్ళీ ఊదింది. మళ్ళీ వచ్చింది! వచ్చిందా అని ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

ఫిజియోథెరపీ అమ్మాయి ముందు వేసి చూపిస్తే ఆమె చప్పట్లు కొట్టింది. తరువాత ముఖం పరీక్షించింది. కన్ను దాదాపు మూసుకుంటోంది. చెంప కదులుతోంది. కనుబొమ ఇంకా బద్ధకంగానే ఉంది, పెదవి కొస ఇంకా వెనకబడే ఉంది.

"అది అట్లాగే ఉండిపోవచ్చా?" అడిగింది అద్దాలక్క.

"ఉండిపోవచ్చక్కా. పోవచ్చు కూడా."

డాక్టరు నోట ఇలాంటి మాటే విన్నాక ఆమె అద్దం మీద తువ్వాలు కప్పింది. ఇప్పుడు కాసింత దిగులు వేసింది, నిజమే. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న తోసుకొచ్చింది.

"నాకు ఒకటే స్వరం వస్తోంది. రెండోది పైకి పోవాలంటే కదపాల్సింది పెదవినా, నాలుకనా?"

"నాకు తెలీదక్కా," అంది ఆ అమ్మాయి. "నాకసలు ఈలే రాదు."

అద్దాలక్క తన కుర్చీని ఆమె పక్కకు, అద్దానికి ఎదురుగా లాక్కుంది. "ఇటు చూడు. కింది పెదవి కాస్త ముందుకు పెట్టు," అంది.