నంబరు ఇంటిది కాదు

“పాసయ్యాం!” అని నాగేశ్వరప్రసాద్ వీధిగుమ్మంలోంచే కేకేసేసరికి, పెసలు రుబ్బుతున్న మీనాకుమారి ఆ పిండి చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. వసారా పొడుగునా చుక్కలు చుక్కలుగా పిండి పడింది. పడనీ! కాకినాడలో కొత్తగా కడుతున్న ఎరువుల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఉత్తరం మరి. వీళ్ళ వెల్డింగు షెడ్డు పంపిన స్టీలు గొట్టాల అతుకులు కోసి, వంచి చూశారట. ఎక్కడా పగుల్లేదట. వెల్డింగు పద్ధతి ఖాయం చేశారట. పెళ్ళయిన ఈ నాలుగు నెలల్లో ఆమెకు సంతోషాలకేం తక్కువ లేదు. సాయంత్రం రిక్షాలో కూచుంటే మొహానికి తగిలే సముద్రపుగాలికి కూడా మురిసిపోయే పిల్ల. కానీ గుండె ఇలా గంతులేసింది ఇవాళే. ఎందుకంటే ఆ పద్ధతి రాసింది తను.

అంతకుముందు రెండుసార్లు పరీక్ష పోయింది. వంచగానే అతుకు ఎండుకొబ్బరిలా ఫట్‌మంది. వెల్డర్లకి చేతకాదని మొగుడు కేకలేశాడు. ఆ మధ్యాహ్నం క్యారియరిచ్చి రావడానికి వెళ్ళిన మీనాకుమారి, పెట్టె మూత తెరిచి గాలికి పడున్న వెల్డింగు రాడ్లు చూసి, “ఇవి వానాకాలం అప్పడాల్లా చెమ్మ లాగేశాయేమో కదండీ” అంది. పెద్ద వెల్డరు అబ్రహాము నవ్వేశాడు. “నెల్రోజుల్నించీ మేం మొత్తుకుంటోంది అదేనండి అమ్మగారూ!” అన్నాడు. అప్పట్నుంచీ రోజూ ఓ గంట షెడ్డులో నిలబడింది. చెమ్మ పోయేలా రాడ్లు ఎంతసేపు వేడిచెయ్యాలి, గొట్టానికీ గొట్టానికీ మధ్య ఎంత సందుండాలి, ఎన్ని ఆంపియర్లు, ఒక్కో వరసకి ఎన్ని సెకన్లు, అన్నీ పెళ్ళికి నాన్న పెట్టిన గడియారం చూసి రాసుకుంది. బీయస్సీ ఫిజిక్సు చదువుకుని ఏం లాభం అనుకున్న పిల్ల, అన్నం వార్చే సందులో వెల్డింగుమీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదివింది. చీర కుచ్చిళ్ళకి నిప్పురవ్వ చిల్లు చూసి అత్తగారు సుబ్బాయమ్మ, “కాపురానికొచ్చావా, కొలిమికొచ్చావా?” అంది. దానికీ నవ్వేసింది.

ఇప్పుడు మొగుడు ఉత్తరం పైకి చదువుతున్నాడు. పద్ధతి తయారుచేసినవారు: శ్రీ నాగేశ్వరప్రసాద్. పంపిన కాగితంలో ఆ ఖాళీ ఆయన నింపుకున్నదే. “మనిద్దరికీ వేరే వేరే పేర్లేంటి మీనా?” అన్నాడా రోజు. ‘మనిద్దరం’ అన్న మాటకి సిగ్గులేకుండా మురిసిపోయింది కూడాను.

“మావాడి బుర్రే బుర్ర!” అంది సుబ్బాయమ్మ.

ఇనపకొట్టు కట్టేసి అప్పుడే వచ్చిన మామగారు వెంకటరత్నం ఉత్తరంతో తిరిగొచ్చిన పద్ధతి కాగితం తిరగేసి, “కోడలి చేతిరాత ముత్యాలనుకో. అందుకే ఆఫీసరుకి నచ్చుంటుంది” అన్నారు.

చేతిరాత! మీనాకుమారి చేతిమీద పిండి ఆరి బిగుసుకుపోతోంది. నెలన్నర ఎండలో రేకుల కింద నిలబడితే, కళ్ళు మండి రాత్రికి కీరదోసకాయ ముక్కలు పెట్టుకుంటే, చివరికి మిగిలింది గుండ్రటి అక్షరాలన్నమాట. తిడితే బాగుండును, తిరిగి ఓ మాట అనొచ్చు. మెచ్చుకుంటూ చిన్నది చేస్తే ఏమనాలి?

“రేపు పదింటికి ఫ్యాక్టరీ ఇనస్పెక్టరుగారొస్తారు,” అంటున్నాడు మొగుడు. “మన ఆరుగురు వెల్డర్లకీ ఒక్కొక్కరికీ పరీక్ష. పద్ధతి రాసినవాళ్ళు పక్కనుండి అడిగినవాటికి చెప్పాలట. ఆ ఆంపియర్లవీ చీటీమీద రాసివ్వు మీనా, జేబులో పెట్టుకుంటాను. ఆయన భోజనం మనింట్లోనే. నీ గుత్తివంకాయ తింటే ఇంక తిరుగుండదు.”

“రాడ్డు రకం మారిస్తే ఏం చెయ్యాలని అడిగితేనో?”

“ఏం చెయ్యాలి?”

“మళ్ళీ మొదట్నుంచీ పరీక్ష చేయించాలండి.”

“అదీ రాసెయ్.”

“చీటీలో లేనిది అడిగితే?”

“గుత్తివంకాయ తినేవాడు అడుగుతాడేంటి!” పకపకా నవ్వాడు. ముగ్గురూ నవ్వారు.

పోయిన వారం సంగతి గుర్తొచ్చింది మీనాకుమారికి. వెల్డరు తను వేసిన అతుకు పక్కన, అది ఎవరి పనో తెలిసేలా తన నంబరు గుద్దాలి. అబ్రహాము తమ్ముడికి ఇంకా చెయ్యి కుదర్లేదు. “వాడి అతుకుమీదా నీ నంబరే కొట్టెయ్, ఒకింటివాళ్ళేగా” అన్నాడు మొగుడు. అబ్రహాము చేతులు కట్టుకుని, “తమ్ముడికి నా చొక్కా ఇస్తానండి, నా అన్నం పెడతానండి. నంబరు మాత్రం ఇవ్వనండి. అది ఇంటిది కాదండి, చేతిది” అన్నాడు. ఆ మాట విని మామగారు, “మనిషంటే వాడూ!” అని పదిమందికి చెప్పారు. ఆ మాటే కోడలంటే? పొగరంటారు. అననీ.

పెరట్లోకెళ్ళి చేతులు కడుక్కుంది. గడియారం పెట్టుకుని వచ్చింది.

“రాశావా?” అన్నాడు మొగుడు.

“లేదండి. రేపు పొద్దున్న అట్లు పోసి, తొమ్మిదిన్నరకి మీతో షెడ్డుకొస్తున్నాను. ఆయన అడిగినవాటికి నేను చెబుతాను. ఆరుగురి కాగితాలమీదా, పరీక్ష చేయించినవారు అన్నచోట నా పేరు రాస్తాను.”

“మరి భోజనం?” అంది సుబ్బాయమ్మ, నోటిమీద చెయ్యేసుకుని.

“గుత్తివంకాయ మీరు నాకంటే బాగా చేస్తారు అత్తయ్యగారూ.”

“మగాళ్ళ మధ్య నువ్వు నిలబడితే, నేనేం చెయ్యను?” అన్నాడు నాగేశ్వరప్రసాద్, ఉత్తరం మడతపెట్టడం మరిచిపోయి.

“మీరూ నా పక్కనే నిలబడండి,” అంది మీనాకుమారి, గడియారానికి కీ ఇచ్చుకుంటూ. “రేపు అబ్రహాము పరీక్ష మొదట పెడదాం.”