ఫ్లాస్కు మూత

కుళాయి ధారగా వదిలి, ఆ చప్పుడు చాటున అమ్మమ్మ గొంతు సవరించుకుంది. ఉప్పునీళ్లు పుక్కిలించి ఉమ్మి, సన్నగా ఒక రాగం తీసి, వెంటనే ఆపేసింది. ఇదివరకు ఈ సాధన వంటింట్లో గిన్నెలు అదిరేలా జరిగేది. వారం రోజులుగా మాత్రం స్నానాలగదిలో, దొంగతనంలా సాగుతోంది. ఇంట్లో మూడేళ్లు నిండని మనవరాలు ఉంది మరి.

డబ్బింగ్ చెప్పడం ఆమె పని. కథానాయికకు ఏనాడూ చెప్పింది లేదు. గుంపులో అరుపులకు, మంచాన పడ్డ అత్తగార్లకు, పక్కింటి పిన్నిగార్లకు, ఉత్త దగ్గుకు, ఏడుపుకు ఆమెను పిలిచేవారు. తెరమీద పేరు పడేది కాదు. అందుకామె పెద్దగా బాధపడిందీ లేదు. ఇల్లు గడిచింది, కూతురు చదువుకుంది. ఆ మధ్య ఒక పిల్లల బొమ్మల సినిమాలో ముసలి మంత్రగత్తె పాత్ర మొత్తం ఆమె గొంతుకు దక్కింది. చిన్నపిల్లల గొంతులు దొంగిలించి సీసాల్లో పెట్టి మూతలు బిగించే మంత్రగత్తె.

అదే కొంప ముంచింది. టీవీలో ఆ సినిమా వస్తుంటే మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మురిపెంగా చూపించింది. మంత్రగత్తె పగలబడి నవ్వగానే పిల్ల కొయ్యబారిపోయింది. భయం పోగొడదామని అమ్మమ్మ, "ఓసి పిచ్చిదానా, అది నేనేనే!" అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నమ్మించడానికి ఆ నవ్వు నవ్వి మరీ వినిపించింది. ఒళ్లోంచి దూకి పారిపోయిన పిల్ల మళ్లీ ఆ ఒళ్లోకి రాలేదు. "పాలు తాగుదువు రామ్మా" అన్నా చెవులు మూసుకునేది.

కూతురు కొత్త ఉద్యోగంలో చేరితే పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండాలన్నది మొదటి మాట. అమ్మమ్మ తన మంచం పక్కన వెయ్యడానికి చిన్న పరుపు కూడా కుట్టించింది. ఇప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. ఇవాళ సాయంత్రం అల్లుడొచ్చి కూతురినీ పిల్లనీ వాళ్లింటికి తీసుకెళ్లిపోతాడు.

సొట్టపడిన స్టీలు ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని ఆమె స్టూడియోకి వెళ్లింది. ఆ రోజు పనీ ఆ మంత్రగత్తెదే. సినిమా బాగా ఆడిందని రెండో భాగం తీశారు.

"ఇంకాస్త వణుకు పుట్టాలమ్మా," అన్నాడు డబ్బింగ్ చెప్పించే కుర్ర దర్శకుడు.

"పాలు తాగే పిల్లలు కూడా చూస్తున్నారు బాబూ. కాస్త తగ్గించి చెప్పనా?"

"వాళ్లకి ఎవరు చూపించమన్నారమ్మా? ఇది బడికెళ్లే పిల్లల కోసం. భయపడాల్సిన చోట భయపడకపోతే, చివర్లో మంత్రగత్తె ఓడిపోతే వాళ్లకేం సంతోషం?"

ఆ మాటలో ఆమెకు తప్పు కనబడలేదు. చూపించింది తనే. హెడ్‌ఫోన్స్ సర్దుకుని, భయపెట్టమన్నంతా భయపెట్టింది. మధ్యమధ్య రెండు గుక్కల నీళ్లు తాగింది.

ఇంటికొచ్చేసరికి అల్లుడు టీ తాగుతున్నాడు. కూతురు పెట్టె సర్దుతోంది.

"ఇలాంటి సినిమాలు ఎంతకాలం దాస్తాం? పిల్లలకి కాస్త భయం తెలియాలి," అంటున్నాడు అల్లుడు. "చిన్నప్పుడు నేను చూళ్లేదా?"

"చూశావు కాబట్టే ఇప్పటికీ లైటార్పితే నిద్రపోవు," అంది కూతురు. తల్లిని చూసి గొంతు తగ్గించింది. "నిన్ననడం లేదమ్మా."

"అనాల్సిందేలే," అంది అమ్మమ్మ.

పిల్ల అప్పటికే తెర చాటున దాక్కుంది. అమ్మమ్మ దూరంగా నేలమీద కూర్చుంది. సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూత విప్పి, నోరు దగ్గరగా పెట్టి, చీమంత గొంతుతో, "అయ్యయ్యో, నన్నిందులో పెట్టకే! చీకటిగా ఉందే!" అంటూ మంత్రగత్తెలా ఏడ్చింది. ఏడుపు సగంలో ఉండగానే టక్కున మూత పెట్టి బిగించింది.

"లోపలుంది," అంది తన గొంతుతో.

తెర కదిలింది. "గట్టిగా పెట్టావా?"

వారం తర్వాత పిల్ల తనతో అన్న మొదటి మాట. "నువ్వే చూడు," అంది అమ్మమ్మ.

పిల్ల వచ్చింది. రెండు చేతులా మూత పట్టుకుని, చాల్లేదన్నట్టు ఇంకాస్త బిగించింది. తర్వాత రెండు వేళ్లు అమ్మమ్మ గొంతుమీద పెట్టింది.

"ఇక్కడ లేదా?"

"లేదమ్మా. ఇక్కడ అమ్మమ్మే ఉంది."

ఒళ్లోకైతే రాలేదు. కానీ తల్లి పిలిచేదాకా వేళ్లు తియ్యలేదు. ఊళ్లోవాళ్లందరి ఏడుపులూ ఏడ్చిపెట్టిన ఆ మనిషికి అప్పుడు తన ఏడుపు పొంగుకొచ్చింది. వేళ్ల కింద గొంతు కదిలితే పిల్ల బెదురుతుందని ఆపుకుంది.

"సెలవులకి తీసుకొస్తానమ్మా," అంది కూతురు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ. తండ్రి భుజం మీదినుంచి పిల్ల వెనక్కి తిరిగింది.

"అమ్మమ్మా, మూత తియ్యకేం!"

"తియ్యనమ్మా."

వాళ్ల కారు వీధి మలుపు తిరిగింది. రోజంతా అరిచి అరిచి గొంతు మండుతోంది. అలవాటుకొద్దీ ఆమె చెయ్యి ఫ్లాస్కు దాకా వెళ్లి ఆగింది. వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో నీళ్లు తాగింది.

మర్నాడు స్టూడియోకి నీళ్లు ఒక పాత సీసాలో పట్టుకెళ్లింది. చిన్న పరుపు పక్కన గూట్లో ఫ్లాస్కు, నిన్న మిగిలిన నీళ్లతో, పిల్ల బిగించిన మూతతో అలాగే ఉంది.