మిషను తిరిగేదాకా

మైకమ్మ పన్నెండేళ్లపాటు బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎన్ని గంటలకు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చెప్పింది. ఆ పేరు అలా అతుక్కుపోయింది. తర్వాత ఆ పనికి రికార్డు చేసిన గొంతు పెట్టుకుని, ఆవిడ చేతిలో ఒక గోడ గడియారం పెట్టి ఇంటికి పంపారు. ఇంటికొచ్చిన వారానికే ఆవిడకు తెలిసింది, తన మొగుడి వ్యాపారంలో లేనిదల్లా టైమేనని.

ఆయనది చిన్న వ్యాపారమే. ఒక పికప్ బండి, దాని వెనక తగిలించుకునే పొడుగాటి ట్రైలరు, నడపడానికి ఆయన. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో మిషను ఆగిపోతుంది. దానికి కావలసిన సామాను ఇంకో ఊళ్లో ఉంటుంది. పెద్ద లారీల వాళ్లు నాలుగు రోజులు పడుతుందంటారు. అప్పుడు ఈయనకు ఫోన్ చేస్తారు. ఈయన కంచం ముందునుంచి సగంలో లేచి వెళ్లిపోతాడు. ఇంత చురుకైన మనిషికి మార్కెట్లో ఉన్న పేరేమో 'అయిదు నిమిషాలు'. ఎవరు ఫోన్ చేసి ఎక్కడున్నావన్నా, అయిదు నిమిషాల్లో ఉంటాననేవాడు. ఆ మాట అనేటప్పుడు ఒక్కోసారి వంద కిలోమీటర్ల అవతల ఉండేవాడు. అబద్ధమాడాలని కాదు, అవతలివాళ్ల కంగారు వింటే ఆయన మనసు ఊరుకునేది కాదు.

మైకమ్మ ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. వంటింటి బల్ల సగం ఆఫీసైంది. గోడకు రోడ్ల మ్యాపు అంటించింది. ఏ ఊరికి ఎంత దూరం, ఎక్కడ రైలు గేటు పడుతుంది, స్కూళ్లు వదిలే వేళకు ఏ రోడ్డు బిగుసుకుపోతుంది, అన్నీ కనుక్కుని రాసింది. ఆ ప్రకారం అందరికీ టైము చెప్పడం మొదలుపెట్టింది. పొద్దుటి మొదటి లోడు బాగానే చేరేది. రెండోదీ మూడోదీ మాత్రం గంటలు గంటలు ఆలస్యం. జనం ఆవిడకు ఫోన్ చేసి అడిగేవారు. ఆవిడ ఆయన్ని అడిగేది. ఆయన ట్రాఫిక్ అనేవాడు. రోజూ అదే ట్రాఫిక్. మేడ మీద గదిలో ఉండే అత్తగారు కొడుకు తరఫున మాట్లాడబోయి, చిన్నప్పుడు పొద్దున్నే పాలపాకెట్ తెమ్మని పంపితే వీడు మధ్యాహ్నానికి తెచ్చిన సంగతి గుర్తొచ్చి ఊరుకుంది.

ఆఖరికి ఒక బుధవారం మైకమ్మ చెప్పులేసుకుని, నోట్‌బుక్ చంకన పెట్టుకుని బండెక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికి?" అన్నాడాయన.

"మీ ట్రాఫిక్ చూడ్డానికి."

ఆ రోజు మొదటి లోడు అట్టపెట్టెల ఫ్యాక్టరీకి ఒక ఇనుప రోలరు. మనిషంత పొడుగు, నలుగురు పడితే గాని కదలదు. దాన్ని ట్రైలరు మీద పెట్టాక ఆయన కింద చెక్క దిమ్మలు ఇరికించి, బెల్టులు వేసి బిగించి, ఒక్కో బెల్టునూ వేలితో మీటి చూశాడు. పావుగంట పట్టింది. పది కిలోమీటర్లు పోయాక బండి ఆపి మళ్లీ మీటాడు. కుదుపులకు వదులవుతాయట. మైకమ్మ ఆ రెండూ రాసుకుంది, తప్పుపట్టలేదు. దారిలో ట్రాఫిక్ లేదు. ఆ సంగతీ రాసుకుంది. పదకొండుంబావుకు ఫ్యాక్టరీ చేరారు, ఆవిడ చెప్పిన టైముకు పావుగంట ముందే. రెండింటికి ఒక ప్రింటింగ్ ప్రెస్సుకు మోటారు తీసుకెళ్లాలి. కావలసినంత వ్యవధి ఉంది.

గేటు దగ్గర ఆయన వాచ్‌మన్ కంటి ఆపరేషన్ సంగతులు అడిగాడు. అది కాసేపు. రోలరు దించాక సంతకం చేయించుకుని వెళ్లిపోవచ్చు. ఆయన వెళ్లలేదు. చొక్కా చేతులు మడిచి షెడ్డులోకి నడిచి, ముసలి ఫిట్టరు పక్కన చేరాడు. అందరూ పట్టి రోలరును ఎత్తి పెట్టారు. అది కూర్చోలేదు. ఒక చివర బేరింగు సైజు తేడా. తయారు చేసినవాళ్లు ఆ వైపు పాత మోడలు బేరింగు బిగించి పంపారు. మిషను ఆగి, పనివాళ్లంతా చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఆయన ఎవరి మీదా కేకలేయలేదు. రోలరు చేసిన వర్క్‌షాపుకు ఫోన్ చేసి, సరైన బేరింగు ఈ ఊళ్లో ఎవరి దగ్గరుంటుందో కనుక్కున్నాడు. ట్రైలరు అక్కడే విప్పేసి, ఉత్త పికప్‌తో వెళ్లి పట్టుకొచ్చాడు. దాన్ని మార్చి బిగించి, మిషను తిరిగేసరికి రెండున్నర.

ఈలోపు మైకమ్మకు ప్రెస్సు యజమాని మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి, మోటారు తెచ్చే పని వేరే బండికి ఇచ్చేశానని, ఇక ఈ నంబరు మొహం చూడనని చెప్పి పెట్టేశాడు. బస్సులు ఆలస్యమైనప్పుడల్లా జనం చేత మాటపడ్డ మనిషే ఆవిడ. కానీ ఇది సొంత బండి. ఆ మాట ఆవిడకు గుచ్చుకుంది.

ఫిట్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడకు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. "మిగతా బళ్లవాళ్లు గేటు దగ్గర దించేసి పోతారమ్మా. తప్పేం లేదు, వాళ్ల పని అంతవరకే. మీ ఆయన మాత్రం మిషను తిరిగేదాకా కదలడు. మా ఆఫీసు గోడ మీద నాలుగు బళ్లవాళ్ల ఫోన్ నంబర్లున్నాయి. మేం ముందు చేసేది మీకే" అన్నాడు.

మైకమ్మ ఆ మాట ఎక్కడ రాయాలో తోచక నోట్‌బుక్ మూసేసింది.

తిరుగుదారిలో ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ప్రెస్సాయన తిట్టాడా?"

"తిట్టాడు. తిట్టడా మరి?"

"రేపట్నుంచి దించేసి వచ్చేస్తాలే."

"మీవల్ల కాదు. వచ్చేసినా, ఆ మిషను తిరిగిందో లేదోనని దారంతా నా ప్రాణం తీస్తారు."

ఆయన నవ్వలేక నవ్వాడు.

"మీరుండండి," అంది ఆవిడ. "ఎంతసేపుండాలో అంతసేపూ ఉండండి. ఆ టైము కూడా కలిపే చెప్తాను. ఇరవయ్యేళ్లు కాపరం చేసీ మీకు దేనికెంత పడుతుందో తెలుసుకోలేదు నేను."

"అంత టైమంటే జనం ఒప్పుకోరేమో."

"ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోరు."

మర్నాడే ఆవిడ ప్రెస్సు యజమానికి ఫోన్ చేసి, సాకులేవీ చెప్పకుండా, పొరపాటు మాదేనంది. అవతలాయన ఊఁ అని పెట్టేశాడు. రోజుకు మూడు లోడ్లను రెండు చేసింది. ప్రతి లోడు పక్కనా 'అక్కడ ఉండే టైము' అని గంటన్నర వేసింది. బండి నడుస్తుండగా ఆయన ఫోన్ ఎత్తకూడదంది. సబ్బుల ఫ్యాక్టరీవాళ్లు, మీరు నాలుగు గంటలంటున్నారు, ఇంకొకరు రెండే అంటున్నారని దెప్పితే, అయితే వాళ్లకే ఇవ్వండని మైకులో చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

మొదటి నెల ఫోన్లు సగానికి సగం తగ్గిపోయాయి. ఆయన కడిగిన ట్రైలరునే మళ్లీ కడిగాడు. ఆవిడకూ లోపల గుబులుగానే ఉంది గాని బయటపడలేదు. ఖాళీగా కూర్చోకుండా, ఆయన వెళ్లే ఊళ్లలోని వర్క్‌షాపులకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి, ఇటువైపు రావలసిన సామానేమైనా ఉందా అని అడిగింది. అన్నాళ్లూ ఆయన వెనక్కి ఖాళీ బండితోనే వచ్చేవాడు. రెండో నెలకు తిరుగు లోడ్లు తగలసాగాయి. మూడో నెలలో ప్రెస్సు యజమాని ఫోన్ చేశాడు. పలకరింపేమీ లేదు, టైమెంత చెప్తారన్నాడు. నాలుగింటికంది. బండి నాలుగుకు పది నిమిషాల ముందు చేరింది. సాయంత్రం ప్రెస్సాయన మళ్లీ ఫోన్ చేసి, మీ ఆయన ఇక్కడే మా మిషను కింద దూరి ఉన్నాడు, భోజనానికి ఎదురు చూడొద్దన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

రెండో బండి కొందామనుకున్నప్పుడు నడిపేదెవరన్న ప్రశ్న వచ్చింది. మైకమ్మ నేనే అంది. ఆయన సరేనన్నాడు.

అప్పట్నుంచి ఆదివారాలు, మూసేసిన కూరగాయల మార్కెట్ ఆవరణలో పాఠాలు. ముందుకు నడపడం తొందరగానే వచ్చింది. ట్రైలరు తగిలించుకుని వెనక్కి వెళ్లడమే నరకం. స్టీరింగు కుడికి తిప్పితే అది ఎడమకు పోతుంది. ఆయన రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టి, వాటి మధ్యకు తెమ్మన్నాడు. డ్రమ్ము పడ్డప్పుడల్లా నడిచి వెళ్లి నిలబెట్టి, మళ్లీ రమ్మని చెయ్యి ఊపేవాడు. ఒక్కసారీ విసుక్కోలేదు.

నాలుగో ఆదివారం ట్రైలరు తిన్నగా రెండు డ్రమ్ముల మధ్యకు వెళ్లి ఆగింది. మైకమ్మ అద్దంలోకి చూసింది. ఆయన ఇటు చూడటం లేదు. మార్కెట్ కాపలాదారు తుప్పుపట్టిన కాటా ఒకటి చూపిస్తుంటే, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ హారన్ కొట్టబోయి మానుకుంది. ఇంజిను ఆపి, కిటికీ అద్దం దించుకుని కూర్చుంది.

ఆయన చేతులు దులుపుకుంటూ తిరిగి వచ్చాక, బండిని ముందుకు తీసి, ఆయన చూస్తుండగా మళ్లీ వెనక్కి పెట్టింది. ఈసారి ఎడమవైపు డ్రమ్ము పడింది.

ఆయన నిలబెట్టడానికి వెళ్లాడు.