వెండెల్ డుడెక్ ఖాళీ గడి

నెలనెలా ఇళ్ళకు వెళ్ళి ఎవరికి పనుందో, ఎవరికి లేదో రాసుకోవడం డొలొరెస్ డఫీ ఉద్యోగం. దేశమంతటా ఆమెలాంటివాళ్ళు రాసినదాన్నుంచే నిరుద్యోగ శాతం పుడుతుంది. ఎన్నికల ఏడాది ఆ అంకె మీదే అధ్యక్షుడి కుర్చీ ఊగుతుంది.

ఉక్కు మిల్లు మూతపడ్డాక వెండెల్ డుడెక్ మూడు నెలలు వరసగా పని వెతుకుతున్నాననే చెప్పాడు. సెప్టెంబరులో తలుపు తీస్తూనే, "వచ్చావా తల్లీ, నా నిరుద్యోగం కులాసాగా ఉందో లేదో చూడ్డానికి?" అని వేళాకోళమాడాడు. గడిచిన నాలుగు వారాల్లో పని వెతికావా అని ఆమె అడిగింది.

"లేదమ్మా. యాభై ఎనిమిదేళ్ళవాడికి ఎవడిస్తాడు? మానేశాను."

వెతకనివాడు నిరుద్యోగి కాడట! అదీ సర్కారువారి లెక్క. 'పనివాళ్ళలో లేడు' అన్న గడిని డొలొరెస్ తన చేతి కంప్యూటరు తెర మీద నొక్కింది. అది చూసి వెండెల్ ముఖం వాడిపోయింది. ముప్ఫై ఏళ్ళు కొలిమి ముందు నిలబడ్డానే, ఇప్పుడసలు లేనేలేనా అన్నాడు. నువ్వు చెప్పిందే రాశానంది. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ అడిగాడు.

"మీ ఆఫీసులో ఏదైనా పనుందా? ఊడవమన్నా ఊడుస్తా. నన్ను లెక్కలో ఉంచు తల్లీ."

ఆమె నవ్వేసి కారెక్కింది. దారిలో గుర్తొచ్చింది: తెలిసినవాళ్ళను పని అడిగినా వెతికినట్టేనని నియమం. వెనక్కి తిరిగితే సరిపోయేది. కానీ ఇంకా మూడిళ్ళున్నాయి, ఆకలి దంచేస్తోంది. తిరగలేదు.

అక్టోబరు మొదటి శుక్రవారం నిరుద్యోగం తగ్గిందని చెప్పారు. సభలో అధ్యక్షుడు ఆ అంకె చదివితే జనం చప్పట్లు కొట్టారు. ఆదివారం వెండెల్ శవాన్ని నదిలోంచి బయటికి తీశారు.

ఒక్క మనిషితో దేశం శాతం మారదని డొలొరెస్‌కు తెలుసు. తెలిస్తే ఏం లాభం? ఏ గుమ్మంలో ఆ ప్రశ్న అడిగినా, జవాబు చెప్పేవాళ్ళ వెనకాల వెండెల్ నిలబడి వినేవాడు.

నవంబరులో ఓటు వేయడానికి బడికి వెళ్ళింది. బల్ల దగ్గరి ముసలాయన ఓటర్ల పుస్తకం ఆమె వైపు తిప్పాడు. ఆమె పేరుకు సరిగ్గా పైన వెండెల్ డుడెక్. పక్కన అతని పాత సంతకం అచ్చు, ఆ పక్కన ఈసారి సంతకానికి ఖాళీ గడి.

"ఈ పేజీవాళ్ళంతా వచ్చేశారమ్మా," అన్నాడు ముసలాయన. "ఈయనొక్కడే రావాలి. ఎరుగుదువా?"

డొలొరెస్ పెన్ను పట్టుకుని ఆ గడినే చూస్తూ ఉండిపోయింది.

"ఎరుగుదును," అంది. "నన్ను పని అడిగాడు."