ఇద్దరు దేవుళ్ల డబ్బా

ఎసరు మరుగుతోంది. సువార్త చేటలోంచి పిడికెడు బియ్యం తీసి, కళ్లు మూసుకుని పెదవులు కదిలించి, పాత బిస్కెట్ల డబ్బాలో వేసింది. మిగిలినవి గంగాళంలోకి వంపింది.

ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. బెంగుళూరులో ఇటుకలు మోసినప్పుడూ, రేకుల షెడ్డులో వండుకున్నప్పుడూ తప్పలేదు. దేవుడి కోసం తీసిన ఆ పిడికెడు తన ఊరు నల్లమాడలోని ప్రార్థన మందిరానికి చేరాలి. అదే ఆమె కానుక.

కరోనాకు పనులు ఆగిపోయి నడిచొస్తుంటే సోమందేపల్లెలో ఆపి, ఈ బడిలో పెట్టారు. పద్నాలుగు రోజులు. వంటకు మనుషులు కావాలంటే ఆమె, తనకల్లు ఊరి తిప్పమ్మ లేచారు. ఇక్కడ పేర్లు ఎవరడిగారు? అందరికీ ఆమె నల్లమాడక్కే. బియ్యం సర్కారువి కాబట్టి రోజూ తన పళ్లెంలో ఒక గరిటె తగ్గించుకునేది. అప్పుడే అది తన కానుక అవుతుందని ఆమె నమ్మకం.

ఆమెకు ఇవాళే ఆఖరు. నాలుక్కు బస్సు. మధ్యాహ్నం వడ్డన ముగిశాక డబ్బా ఎత్తింది. బరువు! సగానికి ఉండాల్సిన బియ్యం అంచును తాకుతున్నాయి.

"ప్రభువా, నువ్వేనా?" అని నవ్వుకుంది.

అంతలో తిప్పమ్మ వచ్చి, కొంగుముడి విప్పి, డబ్బాలో పిడికెడు బియ్యం పోసింది.

"ఏమ్మే, ఏం చేస్తాండావు?"

"ముడుపు గదక్కా! కదిరి నరసింహునికి కట్టినావనుకుంటి. మా ఓబిలేషు యలహంకలో చిక్కుకున్నాడు. వాడు ఇల్లు చేరాలని నేనూ దినామూ ఏస్తాండా."

"నా మెడలో సిలువ కనపల్లేదా?"

"మూతికీ మెడకీ కొంగు చుట్టుకుంటివి. యాడ కనపడతాది?"

సువార్త డబ్బా కింద పెట్టింది. ఇంకో దేవుడికి మొక్కిన బియ్యం కలిశాక ఇవి మందిరంలో ఎలా పెట్టేది? తిప్పమ్మ నాలుక కరుచుకుంది. ఏ గింజ ఎవరిదో ఎవరు ఏరగలరు?

గేటు దగ్గర్నుంచి కాపలా శ్రీరంగప్ప కేకేశాడు.

"అమ్మా, రోడ్డెంబడి తొమ్మిదిమంది నడిచొచ్చినారు. జార్ఖండోళ్లంట. సంటిపిల్లోళ్లు గూడా ఉండారు. గంగాళంలో ఏమన్నా ఉండాదా?"

"అడుగు గూడా గీకేసినాం అన్నా," అంది తిప్పమ్మ. బియ్యం లారీ రేపు గానీ రాదు.

ఇద్దరూ డబ్బా వైపు చూశారు.

"మీ నరసింహుడు కోప్పడడా?" అంది సువార్త.

"కోపం జాస్తే. అయినా ఆకలిగొన్న బిడ్డల ముందర ఏమంటాడులే. మరి మీ దేవుడో?"

"ఆయనకు ఇట్లాంటివి అలవాటే. అయిదు రొట్టెలు అయిదువేల మందికి పంచినోడు."

ఎసరు పెట్టారు. డబ్బా వంపబోతూ సువార్త చెయ్యి ఆగింది. అలవాటు. పిడికెడు తీసింది. తిప్పమ్మ పకపకా నవ్వి తనూ పిడికెడు తీసింది. మిగిలినవన్నీ ఎసట్లో పడ్డాయి.

తొమ్మిదిమందీ వేపచెట్టు నీడలో తిన్నారు. ఒక పిల్ల విస్తరి నాకింది. బస్సు హారను మోగింది.

"వట్టి చేతుల్తో పోతాండావే అక్కా. మందిరంలో ఏం చెప్తావు?"

"తొమ్మిదిమంది తిన్నారని చెప్తా. నీకింకా మూడు దినాలు ఉండాయి గదా, డబ్బా నీకాడే ఉండనీ. మీ ఓబిలేషు కోసం నేనూ ప్రార్థన చేస్తాలే."

సంచి చంకన పెట్టుకుని సువార్త బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. మనసు తేలిగ్గా ఉంది.

పొయ్యి పక్కన, ఇంకా వేడి ఆరని ఇటుక మీద, మూత తెరిచిన డబ్బా ఉంది. అడుగున రెండు పిడికిళ్ల బియ్యం, ఒకే కుప్పగా.