గరుడ పెట్టెలో ఎనభై శాతం

పుట్టింటి కానుకకు మామగారు ఒప్పుకున్నారన్న కబురు చేరేసరికి మాధవి వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తోంది. కబురు తెచ్చింది భర్త అరవింద్. ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ పెళ్లయి రెండు నెలలైనా కాలేదు కదా, రైస్ మిల్లు నుంచి ఇంటికి రావడానికి అతనికి ఏదో ఒక వంక దొరుకుతూనే ఉంటుంది.

"నిజంగానా? కాళ్ల మీద పడ్డారా ఏంటి?"

"పడలే. లారీ దించే టైం సూసి అడిగిన. నాయిన ఇటు సూడకుంటనే ఆఁ ఆఁ అన్నడు. హమాలీలంతా సాక్ష్యం!"

మాధవి చేతిలోని బీరకాయతోనే గిర్రున ఒక చుట్టు తిరిగింది.

ఆ ఆదివారమే కోదాడలోని పుట్టింటి నుంచి పెళ్లి కానుక మిర్యాలగూడ చేరింది. గుప్పిట్లో పట్టేంత పిల్ల తాబేలు. ఆఫ్రికా జాతిది. మాధవి అన్న వేణు దాన్ని కాగితాలతో సహా, రిజిస్ట్రేషన్ చేయించి మరీ పంపాడు.

"పేరేందమ్మా?" అంది అత్తగారు చంద్రకళ.

"గరుడ, అత్తయ్యా."

"తాబేలుకా!"

"మా కోదాడ మీదుగా హైవేలో రయ్యిమని పోయే గరుడ బస్సు లేదూ? దాని పేరు."

చంద్రకళ ముందు దండం పెట్టబోయి, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామగారు ఉపేందర్ మాత్రం నవ్వలేదు. ఊరంతటికీ బియ్యం పంపే మనిషి ఆయన. "ఉండనియ్యి. కానీ నా ఇంట్ల ఏ పాణమైనా కడుపు నిండ తినాలె. వచ్చే ఆదివారం దాక సూస్త. తినకుంట మాడితే మల్ల కోదాడకే" అన్నారు.

మాధవికి అది పరీక్ష అనిపించలేదు. చదివింది, విన్నది అంతా నాలుక చివరే ఉంది. పూజగది పక్కన చల్లటి మూలలో పెట్టె అమర్చింది. ఒక కొసన బల్బు, దాని కింద వెచ్చదనం. ఇంకో కొసన నీడ, బోర్లించిన సగం కుండ. వేడెక్కితే గరుడ అటు పోతుంది, చలేస్తే ఇటు వస్తుంది. మధ్యాహ్నం ఎండకు గది తానే కాగితే బల్బు ఆపేయాలి. అడుగున తడిపిన కొబ్బరి పొట్టు. గోడకు రెండు చిన్న మీటర్లు: ఒకటి వేడికి, ఒకటి తేమకు. తేమ మీటరు ఎనభై చూపిస్తుంటే మాధవికి ఫస్ట్ క్లాస్ వచ్చినంత ఆనందం.

ఉపేందర్ కళ్లజోడు సవరించుకుని ఆ అంకె చూశారు. "ఎనభయ్యా! పదిహేడు దాటితే నేను లారీని గేటు కాడనే ఆపుత గదమ్మా!"

"అది వడ్ల తేమ మామయ్యా. ఇది గాలిలో తేమ."

"ఏ తేమైతేంది, మురుగుడు మురుగుడే" అని గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి విచిత్రం మొదలైంది. పొద్దున తడిపిన పొట్టు సాయంత్రానికి పొడిపొడిగా, వేయించిన మినపపప్పులా ఎండిపోతోంది. మీటరు ముప్పైకి పడుతోంది. మాధవి బల్బు మార్పించింది, మీటరు మార్పించింది, చివరికి భర్తను కూడా అనుమానించింది.

"మీరు ఫ్యాన్ వేస్తున్నారు కదూ?"

"నాకే ఫ్యాన్ కింద కూసునే టైం లేదు, తాబేలుకు ఏస్తనా?"

గరుడ మాత్రం కుండ కింద కళ్లు మూసుకుని ముడుచుకుంది. ఆకు పెడితే చూడదు, పువ్వు పెడితే మెడ లోపలికి లాక్కుంటుంది. శుక్రవారానికి మాధవి అల్లరి అంతా ఇంకిపోయింది. ఆకు అంచు మీద కొరికిన గుర్తు ఉందేమోనని పదేపదే చూసేది.

శనివారం పొద్దున పొట్టు తడుపుతుంటే వేలికి ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే వడ్లగింజ. ఇంకోటి. ఓ గోనెపోగు కూడా.

"అత్తయ్యా, గరుడ పెట్టెలోకి వడ్లెలా వచ్చాయి?"

చంద్రకళ ఉన్నట్టుండి, నవ్వు దాచుకుంటూ, చింతపండులో గింజలు ఏరడంలో మునిగిపోయింది. "నన్నడుగుతవేంది? మిల్లోళ్ల ఇంట్ల వడ్లు ఏడ లేవు?"

ఆ నవ్వు చాలు మాధవికి. మధ్యాహ్నం నిద్ర నటించింది. మెట్ల తలుపు కిర్రుమనగానే చెప్పులు లేకుండా డాబా ఎక్కింది.

మండే ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని ఉపేందర్! గోనెపట్టా మీద కొబ్బరి పొట్టు పరిచి, కల్లంలో వడ్లు తిరగేసినట్టే, పాదంతో చాళ్లు తీస్తూ నడుస్తున్నారు. కోడలిని చూసి కాలు గాలిలోనే ఆపేశారు.

"పాణమున్నది గదమ్మా... తడిల మురుగుతదని..."

కొత్త కోడలు మామగారిని కేకలేయలేదు కదా. మాధవి పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. "మామయ్యా, ఒక డౌటు. తడి వడ్లను భగ్గుమనే ఎండలో ఒక్కసారే ఎండబెడితే?"

"గింజ పగుల్తది. మర పట్టిస్తే అన్నీ నూకలే. గది చిన్నపిల్లలకు కూడ ఎరుక."

"దీనిదీ ఇంకా పిల్ల పెంకే. పొడిలో పెరిగితే డిప్ప గడ్డలు గడ్డలుగా లేస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గి తిండి కూడా మానేస్తుంది."

ఉపేందర్ గాలిలో ఉన్న పాదాన్ని మెల్లగా దించారు. "మరి మురగదా?"

"చలీ తడీ కలిస్తేనే జబ్బు. వెచ్చగా, తడిగా ఉంటే ఏం కాదు."

"ఎచ్చగ... తడిగ..." ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. "అంటే ఉప్పుడు బియ్యం లెక్క! ముందుగాల గట్ల చెప్పాలె గదా బిడ్డా! పచ్చి బియ్యం అనుకొని ఎండబెట్టిన!"

ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం? పొట్టు తానే తడిపారు. గుప్పిట్లో పిండి, ఉండ కడుతుంది కానీ నీరు కారదని చూపించి మరీ పరిచారు. గోరువెచ్చని నీళ్లలో గరుడను మునగకుండా కూర్చోబెట్టారు. "నానబెట్టుడు మా ఇంటి ఇద్య" అంటూ పక్కన పీట వేసుకున్నారు.

సాయంత్రం దీపం పెట్టబోతూ చంద్రకళ కేక వేసింది. "అయ్యో, సామి మందారం!"

పూలసజ్జలోంచి పెట్టెలోకి జారిన ఎర్ర మందారం సగమే మిగిలింది. మిగతా సగం గరుడ నోట్లో ఉంది. మీసంలా అటూ ఇటూ వేలాడుతున్న రేకుతో అది తలెత్తి అందరినీ చూసింది. మాధవి చప్పట్లు కొట్టింది. అరవింద్ ఫోటో తీశాడు.

"గరుడే గద, సామి ఏమనుకోడులే" అన్నారు ఉపేందర్. తర్వాత పెద్దరికంగా గొంతు సవరించుకున్నారు. "అరవిందూ, రేపు కోదాడ గీదాడ పోయేది లేదు. కోడలును తీసుకొని సూర్యాపేట పో. వేడెక్కితే తానే బందయ్యే బల్బు మిషన్ దొరుకుతదేమో సూడండ్రి. సినిమా గూడ సూడండ్రి. చీకటి పడేదాక ఇద్దరూ ఇటు రావొద్దు."

"మరి పెట్టె ఎవరు తడుపుతారు మామయ్యా?"

"ఇంకెవరు? రేపు మిల్లుకు నేను సెలవు."