తాయమ్మ నెత్తురు, కల్యాణవల్లి బొగ్గులు

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఎండాకాలం, తిరుపతిలో ఒక పెరటి బావి దగ్గర తడిచీరతో కూర్చుని కల్యాణవల్లి బొగ్గులు కడుగుతోంది. కొబ్బరిచిప్పలు కాల్చి, జొన్నగింజంత ముక్కలుగా కొట్టి, జల్లించిన బొగ్గులు. నీళ్ళు పోసిన కొద్దీ నలుపే. కడిగేవి బొగ్గులు, మిగిలేవి కడగండ్లు.

కోడలికీ అత్తకూ రక్తసంబంధం ఉండదని లోకం అంటుంది. లోకానిదేం పోయింది, అది బొగ్గులు కడగదు. అత్తగారు తాయమ్మ మూత్రపిండాలు రెండూ పనికి రాజీనామా చేసినప్పటి నుంచి ఆ ఇంట్లో రక్తసంబంధమంతా కోడలి చేతుల మీదుగానే నడుస్తోంది. భర్త శఠగోపం వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే మనిషి. అన్నం ముందు కూర్చుని భార్యకూ ఒక పాఠం చెప్పాడు. "డయాలిసిస్ యంత్రం నెత్తుర్లో ఊరికే తేలే విషాన్ని తీసేస్తాది. కొన్ని విషాలు మాంసకృత్తుల్ని కావిలించుకోనుంటాయి. జల్లెడలో దిగవు. వాటిని బొగ్గే పీకల్ల. అమ్మకు ఒళ్ళంతా నవ పెట్టేది అందుకే. నీకు అర్థం కాదులే, కడుగు." కావలించుకుని వదలని విషమంటే కల్యాణవల్లికి అర్థం కాకేం, పద్దెనిమిదేళ్ళ కాపురం.

ఆస్పత్రిలో గాజుగొట్టంలో ఆ బొగ్గు నింపి, తాయమ్మ నెత్తురు దాని గుండా పంపి, మళ్ళీ ఆమెలోకే ఎక్కిస్తారు. నా నెత్తురు తగిలే వస్తువు ఊరోళ్ళు ముట్టుకుంటే మైల, మడితో మనింట్లోనే కడగల్ల అని తాయమ్మ పట్టుపట్టింది. కొడుకు సరేనన్నాడు. అమ్మ పట్టిన మడి, కొడుకు ఇచ్చిన మాట, కోడలికి అంటిన మసి. వాడిన బొగ్గూ ఇంటికే వస్తుంది. మూకుట్లో పోసి, మూతపెట్టి, ఎర్రగా కాల్చితే పట్టిన విషం వదిలి మళ్ళీ పనికొస్తుందట. తర్వాత ఆస్పత్రిలో దానికి ఆవిరి పట్టి క్రిములు చంపుతారు.

"ఇంక వారంలో ఎక్కువసార్లు ఎక్కించల్లంట," అన్నాడు శఠగోపం పొద్దున బయల్దేరుతూ. "నీ ఒక్కదాని చేత యాడవుతాది? సోమవారం నుంచి కుముదాన్ని కూర్చోబెట్టు. సాయంత్రం నేనొచ్చి చెప్తాను దానికి."

"సోమవారం దానికి ఇంటరు పరీక్ష."

"పరీక్ష సెప్టెంబర్లో కూడా పెడతారు. అమ్మను సెప్టెంబర్లో మళ్ళా పుట్టిస్తారా?"

కల్యాణవల్లి కూతుర్ని ఎలా ఒప్పించాలా అని మాటలు వెతుక్కుంది.

మధ్యాహ్నం మనుషుల నీడలు కాళ్ళ కిందికి దూరిపోయే వేళ, మూకుడు పొయ్యి మీద పెట్టింది. గాలి లేదు. అయినా మూత వణికింది. లోపల్నించి ఎవరో పిలిచారు.

"ఏమే, నీళ్ళు తోడతా ఉండావా, మీ పుట్టింటిని తోడతా ఉండావా?"

కల్యాణవల్లి చటుక్కున లేచి చేద అందుకోబోయింది. అత్తగారు తనను రోజూ అనే మాట అది. గొంతు మాత్రం అత్తగారిది కాదు, ఏనాడూ వినని గొంతు.

"ఏమే తాయీ, నిన్నే!"

తాయి. తాయమ్మ ఈ ఇంటికి కోడలై వచ్చిన కొత్తలో ఆమెను అలా పిలిచిన అత్తగారు పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. కల్యాణవల్లి చూసింది ఆమెను గోడ మీది పటంలోనే. పొయ్యిలో చిప్ప చిట్లింది. మళ్ళీ అదే మాట, ఈసారి తాయమ్మ గొంతులో, తాయి స్థానంలో కల్యాణి. మాట మారలేదు, పేరే మారింది, అద్దెకొంపలో కాపురాలు మారినట్టు. మూత మూడోసారి లేచింది.

"బొగ్గులు కడిగేదానికి పరీక్ష ఎందుకే కుముదం?"

అది తన గొంతు. ఆ మాట ఆమె ఇంకా అనలేదు. అందామని పొద్దుటి నుంచి నాలుక కింద పెట్టుకుంది, అంతే. నోరు తెరవబోయి, చేత్తో మూసుకుంది. అరచేతి మసి పెదాలకు అంటింది.

మూకుడు మూగబోయేదాకా కట్టెలు ఎగదోస్తూనే ఉంది.

సాయంత్రం శఠగోపం వచ్చేసరికి ఆమె మడిచీర విప్పేసి, పెరటి గడప అవతల దూరంగా కూర్చుని ఉంది. వెనక పుస్తకంతో కుముదం.

"బొగ్గు కడిగినావా?"

"కాల్చినాను. కడగలేదు. బయట చేరినాను."

"సరే, కుముదం కడుగుతాది."

"కుముదం కూడా."

కూతురు నోరు తెరిచింది. తల్లి కాలు ఆమె కాలిని తొక్కింది.

"ఇద్దరూ ఒకేసారా?" శఠగోపం గొంతు హెచ్చింది. "ఎవురికి చెప్తావే ఈ కత? ఆడ అమ్మ ప్రాణం..."

"రేయ్ శఠగోపం." గడప లోపలి మంచం మీంచి తాయమ్మ పిలిచింది. "నిజమే రా. ఇందాకనే సూసినాను. నువ్వు పంచె తడుపుకో."

"నేనా?"

"శనివారం శనివారం మడి కట్టేది సామికేనా, అమ్మకు లేదా? నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగల్ల. ఒక్క నలుసు నిలిచినా పొయ్యేది నేనే."

శఠగోపం పంచె తీసుకుని బావి వైపు నడిచాడు. కాసేపటికి చేద బావి గోడకు కొట్టుకున్న చప్పుడు, ఆ వెనకే అతని తిట్టు వినిపించాయి. లేచి కూర్చునే ఓపిక కూడా లేని అత్తగారు తననేం చూసిందో కల్యాణవల్లికి తెలియలేదు.

"మూకుట్లో మాట్లాడింది ఇన్నావా?" తాయమ్మ మెల్లగా అడిగింది.

"ఇన్నాను."

"ఎవురు?"

"మీ అత్తగారు. చివర్న నేను."

ముసలామె తన మణికట్టు మీది సూది మచ్చల్నే చూసుకుంది. "నడాన నేను లేనా?"

"లేవు అత్తా," అని కల్యాణవల్లి ఆ రోజుకు రెండో అబద్ధం ఆడింది.